మొదటి వరసలో పేరు

రాయి ఇంకా పడుకునే ఉంది. రెండు దుంగల మీద వెల్లకిలా, ముఖం ఆకాశానికి పెట్టి, ఇందాకటి జల్లు నీళ్ళు అక్షరాల గుంటల్లో నిలిచి మెరుస్తూ. మేస్త్రీ మిల్న్ గారు మూడు గుంజలు కలిపి కట్టి పైనుంచి గొలుసు కప్పీ వేలాడదీశారు, రాయి చుట్టూ పట్టీలు బిగించారు, అన్నీ అయ్యాక చేతులు తుడుచుకుంటూ నా వైపు చూసి, "మీ అబ్బాయి రాగానే లేపేద్దామమ్మా" అన్నారు. నేను తల ఊపాను. వస్తాడని అనలేదు, రాడనీ అనలేదు. సమాధుల తోట ప్రహరీ గోడ పొట్టిగా ఉన్నచోట, మా ఆయన జోసెఫ్ ఎప్పుడూ కూర్చునే చోట కూర్చున్నాను. కింద సముద్రం. పక్కన బుట్ట. బుట్టలో ఫ్లాస్కు నిండా టీ, గుడ్డలో చుట్టిన వెన్న స్కోన్ రొట్టెలు, కప్పులు. పొద్దున కప్పులు సర్దుతూ మేస్త్రీకొకటి, మేస్త్రీ తమ్ముడికొకటి, నాకొకటి అనుకుంటూనే ఇంకొకటి కూడా పెట్టాను. నీలం అంచుది. అది ఎవరి కప్పో మా ఇంట్లో ఎవరూ అడగరు. ఇన్నేళ్ళుగా దాన్ని మిగతావాటితో పాటు కడిగి, తుడిచి, మళ్ళీ దాని కొక్కేనికి తగిలిస్తూనే ఉన్నాను.

మా తీరం మీద ఇదొక పట్టింపు. కొవ్వొత్తులు, పాటలు లేవు మాకు. రాయి నిలబెట్టే రోజున పాస్టర్ గారు కూడా రారు. కానీ రాయి మీద మొదటి వరసలో ఎవరి పేర్లున్నాయో వాళ్ళు, అది లేచేటప్పుడు దానికి అరచెయ్యి ఆనించి ఉండాలి. బరువు మొయ్యక్కర్లేదు, బరువంతా గొలుసుదే. ఆనిస్తే చాలు. లేకపోతే నిలబెట్టింది మేస్త్రీ అవుతాడు, రాయి మీద అబద్ధం ఉండిపోతుంది. మిల్న్ గారిది లోపలి పట్నమైనా మా తీరంలో చాలా రాళ్ళు లేపారు, మా సంగతి తెలుసు ఆయనకి. అందుకే ఆగారు. ఆయన చెక్కిన మొదటి వరసలో రెండు పేర్లున్నాయి. ఎల్స్‌పెట్ రీడ్, అది నేను, పెళ్ళయి ఎన్నేళ్ళయినా రాయి మీద పుట్టింటి పేరే పెడతారు మాకు. రెండోది ఆర్చిబాల్డ్ ఫిండ్లే, నా కొడుకు. మేమిద్దరం కలిసి జోసెఫ్ ఫిండ్లే కోసం, నా మొగుడి కోసం, ఈ రాయి నిలబెట్టామని ఉంది దాని మీద. జోసెఫ్ పోయి ఏడాదైంది, మట్టి కుదురుకుంది, రాయి పెట్టే వేళైంది. అంతవరకూ ఏ తప్పూ లేదు. మిల్న్ గారికి తెలియనిది ఒక్కటే. ఆర్చీ పడవ తొమ్మిదేళ్ళ కిందట జనవరి తుఫానులో పోయింది.

ఈ తోటలో ఏ రాయి చూసినా మొదటి మాట ఒకటే. ఎరెక్టెడ్. ఫలానావాళ్ళు నిలబెట్టినది, అని. నోటితో మేమెప్పుడూ ఆ మాట అనం. తెరచాప కొయ్య లేపాం అంటాం, వలలు ఆరేసే గుంజలు పాతాం అంటాం, రేవు పండక్కి పందిరి వేశాం అంటాం, ఎన్ని రకాల నిలబెట్టడాలుంటే అన్ని మాటలున్నాయి మాకు. ఆ పెద్ద మాట మాత్రం రాతిది. బడిలో ఒక్క టీచరమ్మ వాడేది, గూని పెట్టుకుని కూర్చున్న పిల్లల వీపుల్లో రూళ్ళకర్ర గుచ్చి, ఎరెక్ట్, పిల్లలూ, ఎరెక్ట్ అని, మేమంతా గోడకి కొట్టిన మేకుల్లా అయిపోయేవాళ్ళం. ఆర్చీకి అక్షరాలు నేర్పింది బడి కాదు, జోసెఫ్. ఆదివారం చర్చి అయ్యాక వాణ్ణి భుజాన ఎక్కించుకుని ఈ రాళ్ళ మధ్య తిప్పేవాడు, మా ఊళ్ళో అందరివీ ఒకే నాలుగు ఇంటిపేర్లు కాబట్టి ఫిండ్లే అన్న మాట వాడికి రొట్టె అన్న మాట కంటే ముందొచ్చింది. ఒక రోజు ఇంటికొచ్చి సూపు తాగుతూ స్పూను గాల్లో పెట్టి, "అమ్మా, ఈ ఎరెక్టెడ్ అనే ఆయన ఎవరే? అందరి రాళ్ళూ ఆయనే కొన్నాడా?" అన్నాడు. జోసెఫ్ నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు. "ఆయనే రా, మన ఊరి మొత్తానికి ధనవంతుడు, నువ్వు పెద్దయ్యాక ఆయన కూతుర్ని చేసుకో" అన్నాడు. "ఆయన మంచోడా?" "చాలా మంచోడు. పోయినవాళ్ళని పడిపోనివ్వడు." చాలా కాలం మా ఇంట్లో ఏది పడిపోబోయినా, కుర్చీ గానీ, పాలచెంబు గానీ, ఎరెక్టెడ్ గారిని పిలవండర్రా అనడం ఒక ఆట. ఇప్పుడు ఎవరితో ఆడను ఆ ఆట, ఒకరు మట్టి కింద, ఒకరు నీళ్ళ కింద. చూశావా, నీళ్ళ కింద అన్నాను. లోపలే అయినా అన్నాను. పైకి ఎప్పుడూ అనలేదు.

"ఒరే డంకన్, సిమెంటు ఎట్లా ఉందిరా?" మిల్న్ గారు తమ్ముణ్ణి అడుగుతున్నారు. డంకన్‌కి అన్న కంటే ఎక్కువ వయసున్నట్టు ముఖం. తట్టలో తాపీ గుచ్చి చూసి, "నీకంటే మెత్తగానే ఉంది, ఇంకాసేపు ఇట్లాగే కూర్చుంటే నీ బుర్రంత గట్టి పడుద్ది" అన్నాడు. "నీళ్ళు పొయ్యి." "పోస్తే సత్తువ పోద్ది. నీకు తెలీదా ఏంటి? ఆ అబ్బాయి ఏ బస్సుకొస్తాడో అడగరాదూ?" మిల్న్ గారు గొంతు తగ్గించారు, గాలి ఇటే కాబట్టి నాకు వినపడింది. "పడవ మీద పనిచేసే పిల్లాడురా. రేవులోకి వచ్చేటప్పుడే వస్తాడు. ఆవిణ్ణి తొందరపెట్టకు."

ఆయన అబద్ధం చెప్పడంలేదు, నేనూ చెప్పలేదు. వేసవిలో బస్సెక్కి ఆయన రాళ్ళ యార్డుకి వెళ్ళాను, ఒంటరిగా, కోడలు నెట్టాని రావద్దన్నాను. అక్కడ ఇంకా ఎవరివీ కాని రాళ్ళు వరసలుగా నిలబడి ఉన్నాయి, నున్నగా, పేర్లు లేకుండా, బడి మొదటి రోజు పిల్లల్లా. బూడిద రంగు గ్రానైటు చూపించాను. ఆయన చెవి మీంచి పెన్సిలు తీసి, "నిలబెట్టేవాళ్ళెవరమ్మా?" అన్నారు. భార్య, అన్నాను, పేరు చెప్పాను. "పిల్లలు?" నాకు ఒక్కడే. ఆ ప్రశ్నకి ఇంకే జవాబుంది నా దగ్గర? ఆర్చిబాల్డ్ అన్నాను. ఆయన రాసుకున్నారు, అంత మామూలుగా, పాల సీసాలు ఎన్నో రాసుకున్నట్టు. "ఏం చేస్తాడు అబ్బాయి?" "సముద్రం మీద ఉంటాడు" అన్నాను. పెన్సిలు ఆగలేదు. తొమ్మిదేళ్ళలో వాడి పేరు విని ముఖం దించుకోని మనిషిని అప్పుడే చూశాను. తిరుగు బస్సులో కిటికీ అద్దానికి తల ఆనించి కూర్చుంటే ఒళ్ళంతా తేలిగ్గా ఉంది, జ్వరం దిగినట్టు. రాయి మీద బతికున్నవాళ్ళకి చోటు ఆ మొదటి వరస ఒక్కటే. కిందంతా పోయినవాళ్ళది. జోసెఫ్ కింద వాడి పేరు రాయిస్తానని ఊరంతా అనుకుంటోంది, పాస్టర్ గారు అనుకుంటున్నారు, నెట్టా అనుకుంటోంది. నేను పైన పెట్టించాను.

జోసెఫ్ అడుగుతూనే ఉండేవాడు బతికుండగా. మిగతావాళ్ళంతా దొరికారు ఆ పడవలో వాళ్ళు, ఒక్కొక్కళ్ళే, ఒకరు ఈ ఒడ్డున, ఒకరు ఆ ఒడ్డున, ప్రతిసారీ మమ్మల్ని రేవు షెడ్డుకి పిలిచేవాళ్ళు, ప్రతిసారీ నేను వెళ్ళేదాన్ని, దుప్పటి ఎత్తేవాళ్ళు, నావాడు కాదు, పక్కామె కేక. నావాడు కాదు అని వెనక్కి తిరిగినప్పుడు కాళ్ళలోకి వచ్చే బలం, దానికి సిగ్గుపడేదాన్ని, అయినా వచ్చేది. ఆఖరికి పిలవడం మానేశారు. "మనవాడికీ ఒక రాయి పెడదామే ఎల్స్‌పెట్" అన్నాడు జోసెఫ్ ఒక సాయంత్రం, వల కుడుతూ, సూది పైకెత్తకుండా. "కింద ఎవరున్నారని?" అన్నాను. "కింద లేకపోతేనేం, ఇక్కడ సగం రాళ్ళ కింద ఎవరూ లేరు." "అయితే ఆ సగం మంది తల్లుల్ని అడుగు, నన్నడక్కు." "ఒక చోటంటూ ఉండొద్దా వాడికి?" "ఉంది. పై గదిలో మంచం ఉంది." ఆ మాటతో ఆయన సూది ఆగింది. తరవాత ఎప్పుడూ అడగలేదు. కానీ వారం వారం ఇక్కడికొచ్చి, చిన్న బ్రష్షు తెచ్చుకుని, ఎవరెవరివో రాళ్ళ మీద నాచు తోమేవాడు, అక్షరాల్లోంచి పుల్లతో మట్టి తీసేవాడు. సొంత రాయి లేనివాడు ఊరందరి రాళ్ళూ కడిగాడు. వేళ్ళు ఎర్రబడి ఇంటికొస్తే వేణ్ణీళ్ళ గిన్నె ముందు పెట్టేదాన్ని, వేళ్ళు ముంచి కూర్చునేవాడు. అంతటి మనిషి వీపు ఆఖరి రోజుల్లో విల్లులా వంగిపోయింది. కొయ్యలు లేపినవాడు, వీధిలో అందరికంటే ఎత్తుగా నడిచినవాడు, నా భుజం పట్టుకుని వంటింటి నుంచి మంచం దాకా.

ఆర్చీ వీపు మాత్రం వంగలేదు నాకు. అదే నాకు మిగిలింది, వాడి వీపు. ఆ పొద్దున గంజి తాగుతూ, "ఉప్పు సముద్రంలో వెయ్యమ్మా, గంజిలో కాదు" అని వెక్కిరించాడు, నెట్టా నవ్వింది, పెళ్ళై ఒక్క చలికాలం కూడా పూర్తిగా గడవలేదు అప్పటికి. వాడు బయల్దేరాక చూస్తే తిండి డబ్బా బల్ల మీదే ఉంది. గుమ్మంలోకి పరుగెత్తాను. వాడు సందు చివర ఉన్నాడు, మెట్ల దగ్గర, కేకేస్తే వినపడే దూరం. కానీ పడవకి వెళ్ళే మనిషిని వెనక నుంచి పిలవకూడదు మాలో. మా అమ్మ పిలవలేదు, మా అత్తగారు మార్జరీ పిలవలేదు, ఏ ఆడదీ పిలవదు, పిలిస్తే వాడు వెనక్కి తిరగాలి, తిరిగి చూసినవాడు మళ్ళీ రాడని భయం. నోరు తెరిచి మూసేశాను. డబ్బా చేత్తో పట్టుకుని నిలబడి వాడి వీపు చూశాను, భుజాన సంచి ఉన్నా ఒక పక్కకి ఒరగని వీపు, టీచరమ్మ రూళ్ళకర్ర ఎప్పుడూ తగలని వీపు. మెట్లు దిగాడు. నడుము పోయింది, భుజాలు పోయాయి, టోపీ పోయింది. నేను పిలవలేదు, వాడు తిరగలేదు, చెయ్యాల్సిందంతా చేశాం ఇద్దరం. అయినా రాలేదు. ఆ డబ్బాలో రెండు ఓట్స్ రొట్టెలు, జున్ను ముక్క. మర్నాటికి ఎండిపోయాయి. ఎవరు తిన్నారు అవి? నెట్టా అనుకుంటా. ఏడుస్తూ, పై గది మెట్ల మీద కూర్చుని, పొడి రాలకుండా అరచేతిలో పెట్టుకుని.

నెట్టా. ఆ పిల్ల గురించి ఆలోచించకూడదనుకుంటూనే ఇక్కడిదాకా వచ్చాను. పుట్టింటికి వెళ్ళిపోవచ్చు, వెళ్ళలేదు. చేపలు పొగబెట్టే కొట్టంలో పనికి కుదిరింది, పొద్దున్నే పోయి సాయంత్రం కళ్ళెర్రగా వచ్చేది, వచ్చి నా పొయ్యి బూడిద తీసేది. జోసెఫ్ మంచాన పడ్డాక కాలిగోళ్ళు తీసింది నేను కాదు, ఆ పిల్ల. మోకాళ్ళ మీద కూర్చుని, "మావయ్యా, ఇవి గోళ్ళా, నత్తగుల్లలా?" అంటూ. ఆయన నవ్వడం కోసమే అలా అనేది. కిందటేడు నుంచి ఎల్గిన్ పట్నం నుంచి వచ్చే రొట్టెల వ్యాను మా గుమ్మం ముందు ఎక్కువసేపు ఆగుతోంది. మేం కొనేది ఒక్క రొట్టె. ఆ రొట్టె ఇవ్వడానికి హ్యూ అనే ఆ మనిషి దిగి, టోపీ తీసి, వాతావరణం గురించి మాట్లాడి, నా మోకాలు నెప్పి గురించి అడిగి, ఇంక అడగడానికేమీ లేక నిలబడతాడు. భార్య పోయినవాడట. నెమ్మదైనవాడు. చేతులకి ఎప్పుడూ పిండి వాసన. వాడు చెడ్డవాడైతే నాకు ఎంత బాగుండేది. పోయిన వారం నెట్టా గిన్నెలు తుడుస్తూ, నా వైపు చూడకుండా, "అత్తయ్యా, రాయి నిలబడ్డాక మీతో ఒక మాట చెప్పాలి" అంది. "ఇప్పుడే చెప్పు" అన్నాను. "కాదు. దాని మీద ఆయన పేరు చూశాక." తుడిచిన గిన్నెనే మళ్ళీ తుడిచింది. ఆ మాటేమిటో నాకు తెలుసు, వీధికంతా తెలుసు, వ్యానుకి కూడా తెలుసు. పోయినవాళ్ళలో పేరు చూస్తే ఆ పిల్ల విధవ. నిలబెట్టినవాళ్ళలో చూస్తే ఇంకా భార్య. రాళ్ళ యార్డులో నా నోటికి ఆ పేరు వచ్చినప్పుడు ఇది తెలియదా నీకు, ఎల్స్‌పెట్ రీడ్? తిరుగు బస్సులో అంత తేలిగ్గా ఎందుకున్నావు? కొడుకొక్కడే కాదు, కోడలు కూడా పై గదిలోనే ఉండిపోతుందనా?

మబ్బు మళ్ళీ పట్టింది. నీళ్ళ రంగు మారింది. మా అత్తగారి రాయి నాకు ఎదురుగానే ఉంది. మార్జరీ స్లేటర్ తన మొగుడి కోసం నిలబెట్టినది. పైన ఆవిడ పేరు, కింద ఆయన. ఆయన కింద, ఇంకొంచెం సన్నటి అక్షరాల్లో, తరవాత చెక్కింది: పైన చెప్పిన మార్జరీ. అంతే. పైన చెప్పిన. ఎంతమంది రాళ్ళ మీద ఉంది ఆ మాట. పైనుంచి కిందకి దిగడం. ఆ రాయి లేపిన రోజు ఆవిడ ఎట్లా చెయ్యి ఆనించిందో నాకు గుర్తుంది, అప్పుడు నేను కొత్త కోడల్ని, ఆవిడ చేతికి నల్ల గ్లవ్ ఉంటే పీకి పారేసి ఒట్టి చెయ్యి పెట్టింది. ఇంటికొచ్చి అంది, "నా చోటు చూసుకుని వచ్చానే." నవ్వుతూనే అంది. తన పేరు కింద ఎంత ఖాళీ ఉందో, అందులో తను పడుతుందో లేదో చూసుకుందట. మరి ఆర్చీకి? పైన పెట్టినవాణ్ణి ఎవరు దించుతారు? నేను పోయాక నన్ను దించుతారు, పైన చెప్పిన ఎల్స్‌పెట్ అని. వాడు ఒక్కడే ఉండిపోతాడు పైన, ఎప్పటికీ, కింద అమ్మా నాన్నా, వాడు మాత్రం రాయి మొదటి వరసలో, మెట్లు దిగకుండా. ఇదేగా నేను కోరుకున్నది. మరి ఇంత చలి ఎందుకేస్తోంది?

"అమ్మా" అన్నారు మిల్న్ గారు. నా దగ్గరికి వచ్చి నిలబడ్డారు, టోపీ తీసి చేతుల్లో తిప్పుతూ. "సిమెంటు ఇంక ఆగదమ్మా. పోనీ ఇవాళ వద్దనుకుంటే చెప్పండి, ఇట్లాగే గోనె కప్పి వెళ్ళిపోతాం. అబ్బాయి వచ్చిన రోజున మళ్ళీ వస్తాం. మాకేం పర్లేదు." వెనకనుంచి డంకన్, "నాకు పర్లేదని ఎవరు చెప్పారు నీకు?" అన్నాడు. అంత దయగా అడిగారు ఆయన. అబ్బాయి వచ్చిన రోజున. నేను ఊ అంటే చాలు. రాయి ఇట్లాగే పడుకుని ఉంటుంది గోనె కింద, ఎవరూ చదవరు, ఎవరూ పైనా కాదు కిందా కాదు, నెట్టా చెప్పాల్సిన మాట చెప్పదు, వ్యాను గుమ్మంలో ఆగుతూనే ఉంటుంది. టీ పొయ్యడానికి లేచాను. ఆయనకి పోశాను, డంకన్‌కి పోశాను, స్కోన్లు ఇచ్చాను. నీలం అంచు కప్పు బుట్టలో మిగిలింది.

గేటు కిర్రుమంది. నెట్టా. పనిలోంచి తిన్నగా వచ్చింది, తలకి గుడ్డ, చేతులకి పొగ వాసన ఇక్కడికే తెలుస్తోంది. గేటు అవతల రోడ్డు మీద వ్యాను ఆగి ఉంది, హ్యూ దిగలేదు, స్టీరింగు మీద చేతులు పెట్టుకుని సముద్రం వైపే చూస్తున్నాడు, చూడనట్టు. "ఇంకా లేపలేదా? ఆలస్యమైందేమో, అయిపోయుంటుందేమో అని పరిగెత్తుకొచ్చాను అత్తయ్యా" అంటూ వచ్చి రాయి దగ్గర వంగింది. వంగి, అక్షరాల్లో నీళ్ళు తన గుడ్డ కొంగుతో అద్దింది. జోసెఫ్ పేరు దగ్గర మొదలుపెట్టింది, అక్కణ్ణించి కిందికి వెతికింది. కింద ఏమీ లేదు. నున్నటి రాయి. అప్పుడు పైకి చూసింది. నేను ఆ పిల్ల వీపు చూస్తున్నాను. వీపులు చూడ్డమే నా బతుకైపోయింది. వంగిన వీపు వంగినట్టే ఉండిపోయింది చాలాసేపు.

"ఈవిడెవరమ్మా?" అన్నారు మిల్న్ గారు నెమ్మదిగా.

నేను నోరు తెరిచాను. నెట్టా లేచి నిలబడి నావైపు చూసింది. కోపం ఉంటుందనుకున్నాను, ఉంటే బాగుండునని కూడా అనుకున్నాను. పొగకి ఎర్రబడిన కళ్ళు, అందులో కోపం ఏదో, పొగ ఏదో తెలియలేదు.

"ఆర్చీ ఇవాళ రాలేరండీ" అంది ఆయనతో. "నేను ఆయన భార్యని. ఆయన బదులు నేను చెయ్యి వేస్తాను. వెయ్యొచ్చు కదా?"

"ఎందుకు వెయ్యకూడదమ్మా. ఇంటి మనిషివి" అన్నారు మిల్న్ గారు. "ఒరే, గొలుసు పట్టు."

నేను ఒక పక్క, నెట్టా ఒక పక్క. రాయి చల్లగా, తడిగా, గరుకుగా ఉన్న పక్క అంచుకి నా అరచెయ్యి ఆనించాను. డంకన్ గొలుసు లాగుతుంటే కప్పీ ఒక్కొక్క పన్నే కటకటమంటూ తిరిగింది, రాయి తల దుంగ మీదనుంచి వేలెడంత లేచింది, జానెడంత లేచింది, అక్షరాల్లోంచి నీళ్ళు కిందికి జారాయి. నెట్టా చెయ్యి కనిపిస్తోంది నాకు. ఉప్పు కోసిన వేళ్ళు, గోళ్ళ కింద పొగ నలుపు, ఉంగరం. ఆ ఉంగరం ఆర్చీ కొన్నప్పుడు వదులైతే దారం చుట్టి ఇచ్చాను నేను, దారం ఇప్పటికీ ఉంది, కొత్త దారం, ఏటేటా మారుస్తుందన్నమాట, నాకు తెలియకుండా. తొమ్మిదేళ్ళు మార్చింది. నేను పడుకోబెట్టి ఉంచింది రాయినా? ఈ పిల్లనా? ఇది కూడా నా వెనకనుంచి నన్ను పిలవలేదు. గుమ్మంలో నిలబడి, చేతిలో ఏదో పట్టుకుని, నేను తిరుగుతానేమో అని చూస్తూ, పిలవకుండా, ఇన్నేళ్ళు. రాయి సగం లేచింది. ఇప్పుడు దుంగల మీదా లేదు దిమ్మె మీదా లేదు, ఊగుతోంది, "ఆనించండి, ఆనించే ఉంచండి" అంటున్నారు మిల్న్ గారు, పూర్తిగా లేచి దిమ్మె మీదికి వచ్చి, ఇనుప మేకులు గుంటల్లో కూర్చుని, సిమెంటు అంచుల్లోంచి మెత్తగా పైకి ఉబికింది. ఆయన తూకపు గుండు దారం వేలాడదీసి ఒక పక్క చూశారు, ఇంకో పక్క చూశారు, తాపీ పిడితో ఒకసారి తట్టారు. "నిటారుగా ఉంది" అన్నారు.

ఉంది. జోసెఫ్ అంత ఎత్తుంది, మంచాన పడకముందు జోసెఫ్.

"మిల్న్ గారూ" అన్నాను. "ఉలి తెచ్చారా?"

"ఉందమ్మా లారీలో. ఏం, ఎక్కడన్నా పెచ్చు లేచిందా?"

"లేదు. కింద చోటుంది కదా. జోసెఫ్ కింద." నా గొంతు నాకే ఎక్కణ్ణించో వస్తున్నట్టుంది, షెడ్డులో దుప్పటి ఎత్తినప్పుడు పక్కామె గొంతులా. "అక్కడ ఇంకో వరస చెక్కాలి. పైన చెప్పిన ఆర్చిబాల్డ్ అని. వాళ్ళ కొడుకు. సముద్రంలో పోయినవాడు."

మిల్న్ గారు నన్ను చూశారు, నెట్టాని చూశారు, గేటు అవతల వ్యానుని కూడా చూశారేమో. డంకన్ నమలడం ఆపాడు. మిల్న్ గారు మెల్లగా మోకాళ్ళ మీద కూర్చుని, చెవి మీంచి పెన్సిలు తీసి, రాయి మీద నున్నటి చోట అరచేత్తో తుడిచారు. "ఇవాళ గీతలు పెట్టి వెళ్తానమ్మా. సోమవారం వచ్చి చెక్కుతాను" అన్నారు. తరవాత, రాయి వైపే చూస్తూ, "తేదీ?" అన్నారు.

ఆ తేదీ నా నోటితో ఎప్పుడూ అనలేదు. క్యాలెండరులో ఆ రోజు వచ్చినప్పుడల్లా జోసెఫ్ ముందు రాత్రే కాగితం చింపేసేవాడు. నెట్టా నోరు తెరిచింది, నాకు సాయంగా తను చెప్పబోయింది. వద్దన్నట్టు తల ఊపాను.

"జనవరి పద్దెనిమిది" అన్నాను. సంవత్సరం కూడా చెప్పాను. ఆయన రాసుకున్నారు, రాళ్ళ యార్డులో రాసుకున్నంత మామూలుగా కాదు, ఒక్కొక్క అంకె దగ్గరా ఆగి.

గాలి తగ్గింది. ఫ్లాస్కులో ఇంకా కాస్త టీ ఉంది. నీలం అంచు కప్పు తీసి పోశాను, ఆవిరి లేచింది. నెట్టా దగ్గరికి తీసుకెళ్ళాను. అది ఆ కప్పు చూసి నా ముఖం చూసింది, తీసుకోవడానికి కుడి చెయ్యి చాపింది. ఎడమ చెయ్యి ఇంకా రాయి మీదే ఉంది, వేళ్ళు తెల్లబడిపోయేలా ఆనించి, లేపుతున్నప్పుడు ఎట్లా ఉందో అట్లాగే.

"తియ్యమ్మా చెయ్యి" అన్నాను. "నిలబడింది. ఇంక తియ్యొచ్చు."